గంగమణికి ఎదురు ఎవరు రావాలి

బాన్సువాడ గిర్ని గల్లీలో ఎవరైనా ఊరికి పోవాలంటే సంచి సర్దుకోవడం ఒక పని, చెప్పులు వేసుకోవడం ఒక పని, గంగమణిని పిలవడం ఒక పని. మొదటి రెండూ మరిచిపోయినా నడుస్తుంది. భాస్కర్ ఒకసారి చెప్పులు మరిచిపోయి నిజాంసాగర్ దాకా వట్టి కాళ్లతో పోయి వచ్చాడు. మూడోది మాత్రం ఇంతవరకు ఎవరూ మరవలేదు.

ఆమె ఎదురు అంత మంచిది మరి. గంగమణి ఎదురు వస్తే పోయిన పని అవుతుందని గల్లీలో అందరికీ నమ్మకం. భాస్కర్ మూడుసార్లు తప్పిన డ్రైవింగ్ పరీక్ష నాలుగోసారి గట్టెక్కింది ఆమె ఎదురుతోనే. మోతీబాయి తప్పిపోయిన బర్రెను వెతకడానికి బయలుదేరినప్పుడు గంగమణి ఎదురు వచ్చింది. మోతీబాయి నాలుగు అడుగులు వేసిందో లేదో బర్రె తనంతట తానే తోక ఊపుకుంటూ మూల మీద కనబడింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

గంగమణి కూడా ఈ పనిని ఊరికే చేయదు. పిండి గిర్ని నడిపే మనిషి కాబట్టి చేతులకు ఎప్పుడూ పిండే. జొన్నలు పట్టిన రోజు మొహం తెల్లగా, పసుపు పట్టిన రోజు పచ్చగా ఉంటుంది. గిర్ని దర్వాజ పక్కన ఒక స్టీలు బిందె ఎప్పుడూ నిండుగా పెట్టి ఉంచుతుంది. పిలుపు రాగానే మోటారు బందు చేసి, బిందె చంకన పెట్టుకొని, గల్లీ కొసన ఉన్న కరెంటు స్తంభం దాకా పోయి, అక్కడ మళ్లుకొని నిలబడుతుంది. పోయే మనిషి గడప దాటగానే నడక మొదలుపెడుతుంది. మరీ జోరుగా రాదు, మరీ మెల్లగా రాదు. మధ్యలో కలిసినచోట "ఏడికి, ఎందుకు, ఎవలతోని, ఎన్నడొస్తవ్" అని నాలుగు ప్రశ్నలు తప్పకుండా అడుగుతుంది. నిజానికి పోయేటోళ్లను ఏడికని అడగడం అపశకునం. కానీ గంగమణి అడిగితే దానికి మాఫీ.

ఇట్లా ముప్పై ఏండ్లలో ఎంతోమందిని పరీక్షలకు, పెండ్లిచూపులకు, దవాఖానలకు, కొలువులకు సాగనంపిన గంగమణి తాను మాత్రం పదో తరగతి ఫేల్.

ఫేల్ అంటే రాయక ఫేల్. ఆమె పుట్టిల్లు పెద్ద కొడప్‌గల్. ముప్పై ఎనిమిదేండ్ల కింద, ఇంగ్లీషు పరీక్ష రోజున, జడకు రిబ్బను కట్టుకొని పరీక్ష రాసే ఊరికి బస్సెక్కబోతున్న గంగమణి గడపలో కాలు ఇట్లా పెట్టిందో లేదో, వెనక నుంచి చిన్నవ్వ తుమ్మింది. చిన్నవ్వ అంటే గంగమణి తల్లికి చెల్లెలు. ఒక్కటే తుమ్ము. ఒంటి తుమ్ము వింటూ పోతే పని చెడుతుందని తల్లి పిల్లను లోపలికి పిలిచింది. కూర్చో అన్నది, మంచినీళ్లు తాగు అన్నది. గంగమణి కూర్చున్నది, నీళ్లు తాగింది, లేచేసరికి బస్సు పోయింది. రెండో బస్సుకు పోతే పరీక్ష గేటు మూసి ఉంది. మళ్లీ పరీక్షలు వచ్చేలోపల పెండ్లి వచ్చింది. పెనిమిటి దేవిదాస్ గిర్ని చూపించి, ఇగ ఇదే నీ బడి అన్నాడు.

దేవిదాస్ మంచివాడే. ఒక్క పాడు గుణం ఉంది. తాను అన్ని సబ్జెక్టుల్లో సరిగ్గా ముప్పై అయిదేసి మార్కులతో పది పాసయ్యాడు. అందుకని ఇంట్లోకి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా, "ఇటియ్యి, పది ఫేలోళ్లకు సమజ్ గాదు" అని గుంజుకుంటాడు. మోటారు డబ్బా మీది కాగితమైనా అంతే, మందుల చీటీ అయినా అంతే. గుంజుకున్నాక కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసి, ఏమీ చెప్పకుండా జేబులో పెట్టుకుంటాడు. ముప్పై ఏండ్లు గంగమణి నవ్వి ఊరుకుంది. ఒకనాడు ఆయన గుంజుకున్నది గల్లీలో పెండ్లి పత్రిక అని, అది తెలుగులో కూడా ఉందని తెలిసినప్పుడు ఊరుకోలేదు. మరునాడే ఓపెన్ టెన్త్‌కు ఫారం తెప్పించుకొని నింపి పంపింది.

ఆమెకు మిగతా సబ్జెక్టుల ఫికర్ లేదు. సాంఘికశాస్త్రం అంటే నలుగురి ముచ్చట, అది ఆమెకు పుట్టుకతో వచ్చింది. ఇంగ్లీషే భయం. అదృష్టం కొద్దీ ఇంగ్లీషు ఆమె ఇంటి మీది అర్రలోనే కిరాయికి ఉంటుంది. దాని పేరు హరనాథబాబు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాడు. ఒంటరి మనిషి, పైగా బ్రాహ్మడు. ప్రయాణానికి ఒంటి బ్రాహ్మడు ఎదురు రాకూడదని శాస్త్రం కాబట్టి, గల్లీలో ఎవరైనా బయలుదేరేటప్పుడు ఆయన కింద కనబడకూడదని మొదటి నెలలోనే మెల్లగా చెప్పారు. ఆయన ఏమీ అనుకోలేదు. పొద్దున్నే మెట్ల మీద నిలబడి, "ఎవరూ వెళ్లట్లేదు కదా, దిగొచ్చా?" అని అడిగి మరీ దిగుతాడు.

హరనాథబాబు ఒక కాగితం మీద ఇరవై జంట మాటలు రాసి ఇచ్చాడు. ఇంగ్లీషులో రెండు చిన్న మాటలు పక్కపక్కన చేరి కొత్త అర్థం ఇస్తాయని, అవి పరీక్షలో తప్పక వస్తాయని చెప్పాడు. రోజుకు రెండు చొప్పున పది రోజుల్లో అయిపోతాయని ఆయన లెక్క. పాపం, గంగమణి సంగతి ఆయనకు తెలియదు.

కాగితంలో మొట్టమొదటిది సెట్ ఆఫ్.

సెట్ ఆఫ్ అంటే బయలుదేరడం అన్నాడాయన. గంగమణి రాసుకోలేదు. సెట్ అంటే ఏంది అని అడిగింది. పెట్టడం, అమర్చడం. మరి ఆఫ్ అంటే? బందు చేయడం, లేదంటే దూరం కావడం.

"ఒకటి పెట్టుడు, ఒకటి బందు చేసుడు. రెండు కల్పితే బయలుదేరుడు ఎట్లయితది సార్?"

హరనాథబాబు కొంచెం ఆలోచించి, విడివిడిగా చూస్తే తెలియదమ్మా, కలిశాకే ఆ అర్థం వస్తుంది అన్నాడు. అప్పుడు గంగమణికి వెలిగింది. పిల్ల తీరు వేరు, పిలగాని తీరు వేరు, పెండ్లయినంక ఇంటి తీరు ఇంకోటి. గట్లనేనా అంటే, సరిగ్గా అంతే అన్నాడు ఆయన. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆయన మాస్టరు, ఆమె గంగమణి. ఈ జంటకు ఒక్కటే అర్థమా, ఇంకేమైనా ఉన్నాయా అని ఆమె అడగకుండా ఉండలేదు, ఆయన చెప్పకుండా ఉండలేదు.

రెండో అర్థం, అంటించడం. చిచ్చుబుడ్డిని, పటాకుల దండను, గంటను, ఏడుపును, నవ్వును, దేన్నైనా మొదలయ్యేలా చేయడం. ఇది గంగమణికి ఎవరూ చూపించాల్సిన పని లేదు, కారం పట్టే రోజు తానే చూస్తుంది. మిరపకాయలు గిర్నిలో పోయగానే మొదట దేవిదాస్ తుమ్ముతాడు, దాన్ని అందుకొని పక్క దుకాణంలో ఆబిద్, ఆయన వెనక గల్లీ అంతా. అయితే ఈ అర్థంలో ఒక తిరకాసు ఉందని మాస్టరు చెప్పాడు. దేన్ని అంటిస్తున్నామో ఆ పేరు సెట్‌కు, ఆఫ్‌కు మధ్యలో అయినా పెట్టవచ్చు, చివర అయినా పెట్టవచ్చు. కానీ పేరు బదులు 'ఇట్' అనే చిన్నమాట వాడితే అది మధ్యలోనే ఉండాలి, వెనక్కి పోకూడదు. గంగమణి రెండు రోజులు దీని మీద జొన్నలు పట్టింది. మూడో రోజు మెట్ల కింద నిలబడి, తెలిసింది సార్ అని కేకేసింది. సెట్ మొగడు, ఆఫ్ పెండ్లాం, ఇద్దరూ బండి మీద పోతున్నారు. పెద్దమనిషి ఎవరైనా ఎక్కితే ఇరుక్కొని మధ్యలోనైనా కూర్చుంటాడు, వెనకనైనా కూర్చుంటాడు. చిన్నపిల్లను మాత్రం మధ్యలోనే కూర్చోబెట్టాలి, వెనక పెడితే పడిపోతుంది. హరనాథబాబు ఆ సాయంత్రమే ఈ బండిని తన కాలేజీ నోట్సులో రాసుకున్నాడు.

మూడో అర్థం, ఒకదాని పక్కన పెట్టి ఇంకోదాని అందం ఎత్తి చూపడం. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు లాగా. గంగమణి ఓసారి దేవిదాస్ వైపు చూసి, "ఈయన పక్కన నిలబడితే నేను తెల్లగ కనవడ్త. గదిట్లనే గద సార్" అన్నది. మాస్టరు కాగితంలో తల పెట్టుకున్నాడు. దేవిదాస్ ఆ రోజు అన్నం దగ్గర ఉప్పు తక్కువైందన్నాడు.

నాలుగోది కష్టం. ఒకదానికి ఇంకోటి సరిపెట్టడం, ఒక చెడును ఒక మంచితో కొట్టివేయడం. హరనాథబాబు చెరుకు పంట, వరి పంట అని ఏదో చెప్పబోయాడు. గంగమణి చెయ్యి అడ్డం పెట్టింది. ఒంటి తుమ్ము చెడ్డది, వెంటనే ఇంకో తుమ్ము వస్తే జంట తుమ్ము, అది మంచిది, పోవచ్చు. అంటే రెండో తుమ్ము మొదటి తుమ్మును సెట్ ఆఫ్ చేసిందన్నమాట, అవునా కాదా? ఆయన తన జీవితకాలంలో ఇటువంటి ఉదాహరణ వినలేదు. అవునమ్మా అన్నాడు.

ఈ నాలుగు అర్థాలకు పద్దెనిమిది రోజులు పట్టాయి. కాగితంలో ఇంకా పందొమ్మిది జంటలు అట్లాగే కూర్చొని ఉన్నాయి. మొదటి పరీక్ష ఇంగ్లీషే, దానికి రెండు రోజులు మిగిలాయి.

అప్పుడు హలీమా ఒక మాట అన్నది. హలీమా ఆబిద్ భార్య. గిర్ని పక్కనే వాళ్ల బీరువాల దుకాణం. గంగమణికి చెల్లెలు లేని లోటు ఆమెతోనే తీరింది. జొన్నలు పోస్తూ పోస్తూ ఆమె మామూలుగానే అడిగింది.

"అక్కా, అందరికి నువ్వు ఎదురొస్తవ్. ఎల్లుండి నువ్వు పోయేటప్పుడు నీకెవలు ఎదురొస్తరు?"

గంగమణి మోటారు బందు చేసింది. ముప్పై ఏండ్లుగా ఈ ప్రశ్న రాలేదు. ఎందుకంటే ఈ ముప్పై ఏండ్లలో ఆమె పని మీద ఒక్కతే ఎక్కడికీ పోలేదు. పోతే దేవిదాస్ వెంట పోయింది. అప్పుడు పోయేది ఆయన లెక్క, ఆమెది తోడు లెక్క.

హలీమానే రమ్మంటే ఆమె చెవులు పట్టుకుంది. పోయిన ఏడాది దేవిదాస్ నస్రుల్లాబాద్‌కు పోతుంటే పొరపాటున హలీమా ఎదురు వచ్చింది, పోయేలోపల స్కూటరు టైరు మూడుసార్లు పంచరైంది. నా ఎదురు వద్దు అక్కా అన్నది. దేవిదాస్ పెనిమిటి, పెనిమిటిది తోడు గానీ ఎదురు కాదు. మోతీబాయిని అడిగితే సరే అన్నది గానీ, ఆమె ఎటు పోయినా వెనక బర్రె వస్తుంది, బర్రె ఎదురు రావడం యముడు వచ్చినట్టు. హరనాథబాబు సంగతి సరేసరి. ఇగ మిగిలింది చిన్నవ్వ. పిల్లలు లేని ఆమె, పదేండ్లుగా గంగమణి దగ్గరే ఉంటుంది. గల్లీలో శకునాల మీద ఆఖరి తీర్పు ఆమెదే, అయినా ఎవరు బయలుదేరినా తాను తుమ్ముతానేమోనని తలుపు వెనక దాక్కుంటుంది. కానీ ఆమె పేరు ఎత్తగానే ఆమెనే వద్దన్నది. నేను వెనకనే ఉంట బిడ్డా, ముక్కు మీద కొంగు పెట్టుకోని కూసుంట, నా జోలికి రాకుండ్రి అన్నది.

ఆ రాత్రి గంగమణి అన్నం సరిగా తినలేదు. పందొమ్మిది జంటల గురించి కాదు. గడప దాటడం గురించి. ముప్పై ఎనిమిదేండ్ల కింద తల్లి చేతిలోని నీళ్ల గ్లాసు ఆమెకు ఇంకా కనబడుతూనే ఉంది. అది ఇత్తడి గ్లాసు, అంచున చిన్న సొట్ట. ఎవరూ ఎదురు రాకుండా ఊరికే పోవచ్చు కదా అని హరనాథబాబు మేడ మీద నుంచి అన్నాడు. పోవచ్చు. కానీ గల్లీలో అందరికీ ఎదురు పెట్టి, తనకు మాత్రం లేకుండా పోవడమేంది? అది వంట చేసినామె ఆకలితో పండుకున్నట్టు ఉండదా?

తెల్లారి హలీమానే ఉపాయం తెచ్చింది. రాత్రంతా ఆలోచించిందట. గల్లీలో గంగమణి కన్నా మంచి ఎదురు లేదు. కాబట్టి గంగమణికి గంగమణే ఎదురు రావాలి. దుకాణంలో పెండ్లివాళ్లు చెప్పి చేయించుకున్న బీరువా ఒకటి తయారుగా ఉంది, దాని తలుపుకు నిలువెత్తు అద్దం. దాన్ని ట్రాలీ ఆటోలో నిలబెట్టి, ఆటోను కరెంటు స్తంభం దగ్గర నుంచి వెనక్కి నడుపుకుంటూ వస్తే, గడప దాటిన గంగమణికి ఎదురుగా గంగమణే నడిచి వస్తుంది.

ఇది విని దేవిదాస్ నవ్వాడు. ఆబిద్ అద్దం పగిలితే పెండ్లివాళ్లు నన్ను పగలగొడతారన్నాడు. చిన్నవ్వ నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, ఒక్కటే అడిగింది.

"అద్దంల బిందె నిండుగ కనవడ్తదా?"

నిండు బిందె ఎత్తుకుంటే నిండుగనే కనబడుతుందని తేలింది. అయితే సరే అన్నది.

పరీక్ష తొమ్మిదింటికి. బడి ఊరి అవతలి కొసన ఉంది. తొమ్మిది దాటితే గేటు మూస్తారు. చిన్నవ్వ ఎనిమిదిన్నరకు పది నిమిషాల ముందు మంచి గడియ ఉందని చెప్పింది. ముందు రోజు నుంచే గిర్నిలో కారం పట్టడం బందు. దేవిదాస్ యంత్రాన్ని రెండుసార్లు కడిగాడు. పొద్దున్నే గల్లీ అంతా గడపల్లోకి వచ్చి నిలబడింది. హరనాథబాబు మేడ మీద గోడ పట్టుకొని నిలబడ్డాడు, దిగొచ్చా అని అడగలేదు. చిన్నవ్వ గంగమణి వెనక పీట వేసుకొని, ముక్కు మీద కొంగు రెండు మడతలు వేసి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

గంగమణి ఆకుపచ్చ చీర కట్టుకుంది, ఎర్ర అంచుది, మూడో అర్థం. హాల్ టికెట్, రెండు పెన్నులు చేతిసంచిలో వేసి మెడకు తగిలించుకుంది. చంకన నిండు బిందె. ఆటో రివర్సు పాట పాడుకుంటూ బయలుదేరింది. బీరువాకు అటు దేవిదాస్, ఇటు భాస్కర్ కావలి.

గడపలో కాలు పెట్టబోతుండగా చిన్నవ్వ కొంగు లోపల నుంచే ఆపమన్నది. గంగమణి బిందె ఎడమ చంకన పెట్టుకుంది, అద్దంలో ఎదురొచ్చే మనిషికి అది కుడి చంకకు పోయింది. ఎదురొచ్చే ముత్తైదువకు బిందె ఎడమ చంకనే ఉండాలి. కాబట్టి గంగమణి బిందెను కుడి చంకకు మార్చింది. కుడి చంక అలవాటు లేక సగం దోసెడు నీళ్లు చీర మీద పోయాయి. ఆటో మళ్లీ స్తంభం దాకా పోయి మళ్లీ పాట అందుకుంది.

ఈసారి పాట మధ్యలో తుమ్ము వినబడింది.

ఆటో ఆగింది. గల్లీ ఆగింది. చిన్నవ్వ కళ్లు మాత్రం కొంగు మీద నుంచి అటూ ఇటూ తిరిగాయి. ఎవరు తుమ్మారని ఆరా తీస్తే, ఆటో నడుపుతున్న ఆబిద్ అని తెలిసింది. బీరువా మీది దుమ్ము ముక్కులోకి పోయిందట. హలీమా అప్పటికే అల్‌హందులిల్లా అనేసింది.

"గది వాళ్ల తుమ్ము చిన్నవ్వా," అన్నది గంగమణి. "వాళ్లకు తుమ్మొస్తే అల్లాకు షుకర్ చెప్తరు. వాళ్లకు మంచిదే. మన లెక్కలకు రాదు."

చిన్నవ్వ కొంచెం ఆలోచించింది. ఎవరి తుమ్ము వాళ్లదేనని ఒప్పుకుంది. మీద నుంచి హరనాథబాబు ఎనిమిదీ ఇరవై ఎనిమిది అన్నాడు.

గంగమణి గడప దాటింది. అద్దంలో గంగమణి ఎదురు వచ్చింది.

ఇంతమందికి ఎదురు పోయిన మనిషి, తాను ఎదురు వస్తే ఎట్లా ఉంటుందో ఆమె ఎన్నడూ చూసుకోలేదు. మరీ జోరుగా రాలేదు, మరీ మెల్లగా రాలేదు. ఒక కనుబొమ్మ మీద ఇంకా జొన్నపిండి ఉంది. మొహం చూస్తే, ఏడికి, ఎందుకు, ఎవలతోని అని అడగబోతున్నట్టే ఉంది. ఫరవాలేదు, ఈమె ఎదురు వస్తే నేనైనా పోతాను అనుకుంది గంగమణి. అంతలో అద్దంలోనే, తన భుజం వెనకాల, పీట మీద చిన్నవ్వ కనబడింది.

చిన్నవ్వ కొంగు జారి ఉంది. ఆమె ముక్కు ఒకసారి ఎడమకు పోయింది, ఒకసారి కుడికి పోయింది. కళ్లు మూసుకుపోయాయి. నోరు మెల్లగా తెరుచుకుంది. వచ్చే తుమ్మును అంత దూరం నుంచి, అంత వివరంగా, ఎవరూ చూసి ఉండరు. చూసి మాత్రం ఏం చేస్తుంది? చంకన బిందె, ముందు ఆటో.

చిన్నవ్వ తుమ్మింది. ఒక్కటే.

రెండోది వస్తుందేమోనని గల్లీ అంతా ఊపిరి పట్టింది. రాలేదు. చిన్నవ్వ ముక్కు రుద్దుకుంది, సూర్యుని వైపు చూసింది, కొంగు కొస మెలిపెట్టి ముక్కులో పెట్టుకుంది. హలీమా ఉరికిపోయి ఎవరింట్లోనో ముక్కుపొడి డబ్బా తెచ్చింది. చిన్నవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. పిలిస్తే వచ్చిన తుమ్ము లెక్కలోకి రాదు, దానంతట అదే రావాలి. అది శాస్త్రం. ఎనిమిదీ ముప్పై నాలుగు అని మీద నుంచి వినబడింది.

చిన్నవ్వ ఏడవడం మొదలుపెట్టింది. మళ్లా నేనే తుమ్మితినా బిడ్డా, మళ్లా నీ పరీక్షకే తుమ్మితినా అని. ఏడుస్తూనే, అలవాటు కొద్దీ, లోపలికి రా, కూర్చో, మంచినీళ్లు తాగు అన్నది. దేవిదాస్ కూడా అలవాటు కొద్దీ ఆటో దిగి లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు.

గంగమణి గ్లాసును చూసింది. అది స్టీలుదే. అంచున సొట్ట లేదు. అయినా కాసేపు దాని వైపే చూసింది. తర్వాత బిందె సర్దుకొని, ఉన్నచోటనే నిలబడి, అద్దంలోని చిన్నవ్వతో మాట్లాడింది. వెనక్కి తిరిగితే ఇంకో అపశకునం కదా.

"చిన్నవ్వా, ఏడువకు. గిది రెండో తుమ్ము."

"యాడి రెండోది? ఒక్కటే గద తుమ్మిన."

"మొదటిది కొడప్‌గల్‌ల తుమ్మినవ్. తుమ్మింది నువ్వే, పోయేది నేనే, పరీక్ష గిదే, గీ ఇంగ్లీషే. ముప్పై ఎనిమిదేండ్లు పట్టింది గానీ, ఇయ్యాల జంట కూడింది."

చిన్నవ్వ ఏడుపు ఆపి వేళ్ల మీద లెక్క పెట్టింది. ఆమె ఊరికే ఒప్పుకునే మనిషి కాదు.

"నడుమ మస్తు తుమ్ములు తుమ్మిన గదే?"

"అవన్ని వేరే పనులకు తుమ్మినయి. నా ఇంగ్లీషుకు రెండే."

"నాలుగో అర్థం," అన్నాడు హరనాథబాబు మీద నుంచి, ఎవరితోనో కాదు, తనలో తనే. అని, వెంటనే గడియారం చూసి ఎనిమిదీ ముప్పై తొమ్మిది అన్నాడు.

చిన్నవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మొహం తుడుచుకుంది. ముప్పై ఎనిమిదేండ్లుగా మోస్తున్నది ఏదో దించినట్టు ఒక నిట్టూర్పు విడిచింది. అయితే పో అన్నది. వెనక్కి చూడకు అన్నది. గంగమణికి వెనక్కి చూడాల్సిన పని లేదు, అద్దంలో అంతా కనబడుతూనే ఉంది.

ఆ తొందరలో హలీమా చేతిలోని ముక్కుపొడి డబ్బా మూత ఊడింది. సరిగ్గా అప్పుడే గాలి వీచింది. మొదట హలీమా, ఆ తర్వాత భాస్కర్, మోతీబాయి, దేవిదాస్, ఆటోలో ఆబిద్, చివరికి మీద హరనాథబాబు కూడా. గల్లీ గల్లీ అంతా పటాకుల దండ అంటించినట్టు తుమ్మింది. రెండో అర్థం. ఎవరివి ఎన్నో లెక్కపెట్టేటోళ్లు లేరు. లెక్కపెట్టాల్సిన చిన్నవ్వ నవ్వుతూ ఉంది.

గంగమణి ట్రాలీలోనే ఎక్కి కూర్చుంది. బీరువాను దించే టైం లేదు. ఆటో మెయిన్ రోడ్డు మీద పడింది. అద్దానికి ఎదురుగా గంగమణి, గంగమణికి ఎదురుగా అద్దం, బీరువాను వాటేసుకొని దేవిదాస్. అంటే ఆమెకు బడి దాకా అడుగడుగునా మంచి ఎదురే. బస్టాండు దగ్గర బోధన్ బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దమనిషి నిండు బిందెతో పోతున్న ఇద్దరు ఒకే తీరు ఆడవాళ్లను చూసి దండం పెట్టుకున్నాడు.

గేటు దగ్గర దిగేసరికి తొమ్మిదికి రెండు నిమిషాలు. అప్పుడు తెలిసింది, బిందె ఎవరికీ ఇవ్వలేదని. కావలాయన బిందె లోపలికి తీసుకపోనియ్యను అన్నాడు. గంగమణి బిందె ఆయన చేతిలో పెట్టి, ఎండలు ముదురుతున్నయి, పరీక్ష రాసే పిల్లలకు నీళ్లు పొయ్యి అని లోపలికి పోయింది. ఆయన మళ్లీ ఏదో అనేలోపల ఆమె గదిలో బెంచీ మీద కూర్చొని, ముందున్న పిల్లను నీ పేరేందని అడుగుతోంది.

ప్రశ్నపత్రంలో జంట మాటలు అయిదు వచ్చాయి. సెట్ ఆఫ్ లేదు. గంగమణి కాగితం రెండువైపులా తిప్పి చూసింది. ఎక్కడా లేదు. పద్దెనిమిది రోజులు చదివినది రాలేదు, చదవని పందొమ్మిదిలోంచి అయిదు వచ్చి కూర్చున్నాయి. ఆమె కాసేపు వాటిని చుట్టాల పిల్లల్ని చూసినట్టు చూసింది. తర్వాత మొగడు, పెండ్లాం, బండి అని తలచుకొని, ఏ జంట ఏం కాపురం చేస్తుందో తోచినట్టు రాసింది. రెండు సరిపోయాయని తర్వాత తేలింది.

చివరి ప్రశ్న, నీ స్నేహితురాలికి ఒక ప్రయాణం గురించి ఉత్తరం రాయి. గంగమణి పెన్ను మార్చింది. హలీమాకు రాసింది. హలీమా అన్నీ చూసిందే అయినా మొదటి నుంచి రాసింది. బయలుదేరడం, తుమ్ము తుమ్మును అంటించడం, ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు, ఒక తుమ్ముకు ఒక తుమ్ము సరిపోవడం, నాలుగూ వచ్చాయి. చిన్నపిల్ల 'ఇట్'ను మధ్యలోనే కూర్చోబెట్టింది. జాగా చాలక అదనపు కాగితం అడిగి తీసుకుంది. ఇవ్వడానికి వచ్చిన మేడమ్‌ను మీది ఏ ఊరు అని కూడా అడిగింది.

ఫలితాలు ఆబిద్ ఫోనులో చూశారు. అన్ని సబ్జెక్టులూ పాస్. ఇంగ్లీషులో నలభై ఒకటి. దేవిదాస్‌కు వచ్చిన దానికన్నా ఆరు ఎక్కువ అని హలీమా గల్లీకి వినబడేటట్టు చెప్పింది. దేవిదాస్ ఫోను గుంజుకోలేదు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకొని, జొన్నలు ఎవరివో పట్టాలి కదా అని గిర్నిలోకి పోయాడు. చిన్నవ్వ మాత్రం ఆ నలభై ఒకటిని పంచి చూసింది. ముప్పై ఎనిమిదేండ్లకు ఏడాదికి ఒకటి చొప్పున ముప్పై ఎనిమిది, మిగిలిన మూడు నా తుమ్ముకు వచ్చినయి అన్నది.

ఇప్పటికీ గల్లీలో ఎవరు బయలుదేరినా గంగమణే ఎదురు పోతుంది, అవే నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. మారింది ఒక్కటే. చిన్నవ్వ ఇప్పుడు తలుపు వెనక దాక్కోదు, ముక్కు మీద కొంగు పెట్టుకోదు, బయట ఎండలో పీట వేసుకొని కూర్చుంటుంది. పోయిన వారం భాస్కర్ కొలువు కోసం పోతుంటే అడ్డంగా తుమ్మింది కూడా. భాస్కర్ ఆగి, రెండోదాని కోసం ఆమె మొహంలోకి చూశాడు.

"నువ్వు పో బిడ్డా," అన్నది చిన్నవ్వ. "రెండోది ఎన్నడో ఒకనాడు తుమ్ముత గాని."